నెమలికంఠం రంగు జీపు

దోహాలో, అల్ సద్ పేటలో మేం అద్దెకున్న ఇంటికి ఎదురుగా అప్పట్లో ఏమీ ఉండేది కాదు. ఏమీ అంటే నిజంగానే ఏమీ. తెల్లటి నేల, దాని మీద తెల్లటి ఎండ, ఆ రెండూ కలిసే చోట నీళ్ళలా వణికే గాలి. ఇప్పుడక్కడ ఆస్పత్రులూ ఆఫీసులూ వచ్చేశాయట, రోడ్డు దాటాలంటే గుండె చిక్కబట్టుకోవాలట. నేను చూసిన రోజుల్లో చమురు డబ్బుతో ఊరు అప్పుడప్పుడే లేస్తోంది. ఏ పక్క చూసినా క్రేన్లే. మా కిటికీ పక్క మాత్రం ఇంకా ఎవరి కన్నూ పడలేదు.

ఒక మధ్యాహ్నం ఆ వణుకులోంచి బండి చప్పుడు వినిపించింది. చప్పుడైతే దగ్గరికి వస్తోంది గానీ బండి కనబడటం లేదు. నిద్ర మత్తులో ఉన్నానేమోనని కళ్ళు నులుముకున్నాను. చాలాసేపటికి నేలలోంచి ఒక ముక్క విడివడి కదిలినట్టయి, మా గేటు ముందుకొచ్చి ఆగింది. అందులోంచి మా ఆయన దిగారు.

"వేలంలో కొన్నాను. మిలటరీ వాళ్ళు పాతవి తీసేస్తున్నారు," అన్నారు, చొక్కా దులుపుకుంటూ.

అది జీపు. పైన గుడ్డ కప్పు, వెనక ఎదురెదురు బల్లలు, తలుపు మీద చెరిపేసిన అంకెల జాడ. ఒళ్ళంతా ఇసుక రంగు. ఎడారిలో శత్రువుకి కనబడకూడదని వేసిన రంగు. శత్రువు సంగతేమో గానీ, నాకూ కనబడలేదు. గేటు దగ్గర ఉన్నంతసేపూ నేను దాని దగ్గరికి పోలేదు.

ఎందుకంటే, అప్పటికే మా ఆయన శుక్రవారాలు ఎడారిలోకి పోవడం మొదలుపెట్టారు. ఒంటరిగా. ఆయన పైపులైన్లు వేసే కంపెనీలో ఇంజనీరు. వారమంతా ఎడారిలోనే డ్యూటీ. సెలవు రోజున కూడా పొద్దున్నే కాఫీ తాగి కంపెనీ బండి తీసుకుని వెళ్ళిపోయేవారు. "ఎక్కడికండీ?" అంటే "ఊరికే" అనేవారు. పొద్దు వాలాక వచ్చేవారు, చెప్పుల నిండా ఇసుకతో. సెలవుల్లో బండి తిప్పుతున్నారని కంపెనీలో ఎవరో అడిగారట. అందుకని ఈ సొంత బండి.

అంతకుముందు ఏడాది మా పాప పోయింది. కాకినాడలో మా పుట్టింట్లో పుట్టింది, ఒక్క పూట ఉంది. దోహాలో టెలిగ్రాం అంది, సెలవు దొరికి, కాగితాలు తెములుకుని ఆయన వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఆయన పాపని చూడనే లేదు. నేనైనా ఏడ్చాను, తలబాదుకున్నాను, దేవుణ్ణి తిట్టాను, మా అమ్మని కూడా తిట్టాను. ఆయన ఏమీ అనలేదు. నన్ను వెంటబెట్టుకుని తిరిగి దోహా వచ్చారు. ఆ తరవాత ఆయన నోట వచ్చే మాటలు అన్నీ కలిపినా గుప్పెడు. ఆ మనిషి ఒక శుక్రవారం వెళ్ళి ఇక రారేమోనని నా భయం. దారి తప్పుతారనో, తప్పాలనే తప్పుతారనో, రెండోదే ఎక్కువ. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు.

దానికి తోడు, ఆ నెలలోనే వేరే కంపెనీ డ్రైవరొకడు దారి తప్పాడని చెప్పుకున్నారు. ప్రాణాలతోనే దొరికాడు, పాపం. కానీ వెతకబోయినవాళ్ళు బండి పక్క నుంచే పోయి కూడా చూడలేదట. దుమ్ము కొట్టుకుపోయి నేలలో కలిసిపోయిందట. అది విన్నాక నాకు మధ్యాహ్నం కునుకుల్లో ఒకటే కల. తెల్లటి నేల మీద బండి చప్పుడు వినబడుతూ ఉంటుంది, నేను చప్పుడు వెనకే నడుస్తూ ఉంటాను. ఎంత నడిచినా చప్పుడే. ఆ కలలో భయం వేసేది కాదు, అదే విచిత్రం. హాయిగా, చల్లగా, ఇసుక మీద పాదాలు ఆనకుండా నడిచేదాన్ని. మెలకువ వచ్చాకే భయం.

మిలటరీ రంగుతో మామూలు మనుషుల బండి రోడ్డెక్కకూడదట. రంగు మారిస్తేనే నంబరు ఇస్తారు, అందాకా తాత్కాలిక చీటీ మీద తిప్పుకోవాలి. ఆ కబురు విని నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మర్నాడే ఆయన రంగుల అట్ట ఒకటి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచారు. చిన్న చిన్న గళ్ళు, గడికో రంగు. ఆయన వేలు తిన్నగా కింది వరసలోకి పోయి ఆగింది.

"ఇది బావుంది. ఇసుక రంగు కాదు."

"కాదు. ఇసుకకి మేనత్త కొడుకు."

పక్క గడి చూపించారు. అది బిస్కెట్ రంగు. ఆ పక్కది గంధం. దాని పక్కన ఉల్లిపొర. ఆయన చూపించినవన్నీ వరసగా నిలబెడితే ఒక ఇసుక దిబ్బ తయారయ్యేది.

"కొట్టొచ్చినట్టు కనబడే రంగు వేయిద్దామండీ," అన్నాను.

"ఎవరికి కనబడాలి?"

"నాకు."

ఆయన అట్ట మడిచి నా వైపు తోశారు. "నీ ఇష్టం," అన్నారు.

పెళ్ళయిన కొత్తలో ఆ మాట వింటే మురిసిపోయేదాన్ని. మా వారు ఎంత మంచివారో, అన్నీ నా ఇష్టమేనని మా చెల్లెళ్ళ దగ్గర కోతలు కోసేదాన్ని. పాప పోయాక ఆ మాటకి అర్థం వేరు. కూరేం చేయను అంటే నీ ఇష్టం. మీ అమ్మగారికి ఉత్తరం రాయనా అంటే నీ ఇష్టం. తలుపు మొహం మీద వేసినట్టుండేది. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, నా ఇష్టమే కదా, చూపిస్తాను నా ఇష్టమేమిటో అనుకున్నాను.

బండికి డెంటింగూ పెయింటింగూ చేసే గ్యారేజీ ఊరి చివర ఉంది. ఆయన బండి అక్కడ వదిలేసి డ్యూటీకి పోయారు. నేను టాక్సీ కట్టించుకుని వెళ్ళాను. చీర కట్టుకున్న ఆడమనిషి ఆ గ్యారేజీలో అడుగు పెట్టడం అదే మొదటిసారి కాబోలు, సుత్తి దెబ్బలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో స్టూలు తెచ్చి, తుడిచి, మళ్ళీ తుడిచి వేశారు. ఇంకెవరో చల్లటి కూల్‌డ్రింకు సీసా చేతికిచ్చారు. రంగులు వేసే అతను మన తెలుగువాడే, కరీంనగర్ వైపు. నా వయసే ఉంటుంది. జీపు ఒళ్ళు తడిపిన గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఇసుక రంగు కింద ఆకుపచ్చ, దాని కింద మళ్ళీ ఇసుక రంగు, పొరలు పొరలుగా బయటపడుతున్నాయి. ఇది ఎన్ని యుద్ధాలు చూసిందో అనుకున్నాను. ఏ యుద్ధమూ చూడకుండా షెడ్డులోనే ముసలిదయిందేమో, ఎవరికి తెలుసు.

"ఎర్రది వెయ్యి తమ్ముడూ," అన్నాను. "మంకెన పువ్వులా ఉండాలి."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఎర్రది వద్దక్కా. ఈ ఎండకు ఆగది. రెండేండ్లల్ల గులాబి రంగైతది. మా సేటు బండి జూడు, పెండ్లిపిల్లగాని లెక్కుండె, ఇప్పుడెట్లయిందో."

మూల నిలబెట్టిన సేటు బండి నిజంగానే పీచుమిఠాయి రంగులో ఉంది. పసుపు పచ్చ అన్నాను, ఇసుకలో కలిసిపోతదన్నాడు. తెలుపు అన్నాను, ఆ ఎండలో తెలుపు ఉన్నా లేనట్టేనని నాకే తోచి ఊరుకున్నాను.

"నువ్వు నిమ్మలంగ ఆలోచన జేసుకోని రా అక్కా. అట్టమీద లేకున్నా మంచిదే. చీర దెచ్చి జూపిచ్చినా కలిపిస్త."

నవ్వుతూనే అన్నాడు. టాక్సీలో ఇంటికొస్తూ ఆ మాటే తలచుకున్నాను. ఈ ఊళ్ళో నేలకి ఒక రంగు ఉంది, ఆకాశానికీ దుమ్ము కొట్టిన అదే రంగు. గోడలదీ అదే, మేకలదీ అదే. ఇక్కడ లేని రంగు ఏది? కారు అద్దంలోంచి ఆ తెలుపులోకి చూస్తూ ఉంటే కళ్ళు మూతలు పడి, రెప్పల వెనక ఒక రంగు తిరిగింది. ఏ రంగో గుర్తుపట్టగానే కళ్ళు తెరిచేశాను.

మంచం కింద పెట్టెలో, కలరా ఉండల వాసన మధ్య, నా సీమంతం చీర ఉంది. నెమలికంఠం రంగు పట్టు. నిలువు పోగు ఒక రంగు, అడ్డ పోగు ఒక రంగు, కదిలితే మెరుపు మారుతుంది. ఏడో నెలలో పేరంటాళ్ళు చుట్టూ చేరి రెండు చేతుల నిండా గాజులు తొడిగిన రోజున కట్టుకున్నాను. ఆయన సెలవు మీద వచ్చి, ఆడవాళ్ళ మధ్యకి రాలేక గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆ తరవాతి వారమే బొంబాయి వెళ్ళి విమానం ఎక్కారు. కడుపుతో ఉన్న నన్ను ఆయన చూడటం అదే ఆఖరు. ఆ చీరని మళ్ళీ కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. దోహాకి ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలీదు. పెట్టె తీసినప్పుడల్లా దాని మీద కోపం వచ్చేది, చీర ఏదో పాపం చేసినట్టు.

మర్నాడు దాన్ని సంచీలో పెట్టుకుని గ్యారేజీకి వెళ్ళాను. ఆయనకి చెప్పలేదు. నా ఇష్టం అన్నారు కదా.

చీరకి జాకెట్టు ముక్క మ్యాచింగ్ చూడటం మన ఆడవాళ్ళకి ఉగ్గుపాలతో అబ్బిన విద్య. కొట్లో ట్యూబ్‌లైటు కింద ఎంత బాగా కలిసినా నమ్మం. చీరా ముక్కా రెండూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఎండకి పెట్టి చూసుకుని గానీ చింపమనం. అదే పద్ధతిలో, లోపల దీపం కింద చీర చూడబోయిన అతన్ని ఆపి బయటికి పిలిచాను. నేనొక కొస పట్టుకున్నాను, అతను చేతులు కడుక్కొచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఆరేసిన చీర మడతపెట్టేటప్పుడు ఇద్దరు నిలబడతారే, అలా ఎదురెదురుగా నిలబడ్డాం. మధ్యలో పట్టు గాలికి ఒకసారి పైకి లేచి, నెమ్మదిగా వాలింది. పనివాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నాకూ ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలియలేదు.

"గిదేనా అక్కా?"

"ఇదే."

"పక్కానా?"

"పక్కా."

అతను తృప్తిగా తల ఊపాడు. జాకెట్టు కుట్టగా మిగిలిన అదే పట్టు పీలిక ఒకటి ఇచ్చి వచ్చాను. దాన్ని తన బల్ల ఎదురుగా మేకుకి తగిలించుకున్నాడు. డబ్బా మూత మీద కాస్త పూసి చూపించమని అడగాలని నాకు తట్టలేదు. మ్యాచింగ్ విషయంలో నా అంతటిదాన్ని నేనే అనుకునే రోజులవి.

ఆ వారమంతా ఇంట్లో ఒక వింత నెమ్మది. ఆయన రంగు ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. మధ్యాహ్నాలు కునుకు పడితే ఆ కల వచ్చేది గానీ, చప్పుడు ముందు ఏదో పచ్చగా లీలగా కనబడుతున్నట్టుండేది. లేత అరిటాకు మీద మబ్బు నీడ పడితే ఉండే పచ్చ. నా ఒళ్ళో పరుచుకున్న ఆ చీర నాకు ఎప్పుడూ అలానే గుర్తు.

గురువారం ఆయనకి ఒంటిపూట డ్యూటీ. ఇద్దరం కలిసి గ్యారేజీకి వెళ్ళాం. ఆవరణ మధ్య జీపు నిలబడి ఉంది. నీలంగా.

మామూలు నీలం కాదు. ముదురు నీలం, లోపల ఎక్కడో దీపం పెట్టినట్టు. ఆ తెల్లటి దుమ్ములో, తెల్లటి ఎండలో, అంత రంగు ఒక్కచోట ఉండటం చూసి మొదట ఊపిరి ఆగింది. ఆ తరవాత కోపం వచ్చింది.

"ఇదేం రంగు తమ్ముడూ? నా చీర పచ్చ కదా."

"పచ్చెక్కడిదక్కా? నీలమే గదా." అతను మేకు మీది పీలిక చూపించాడు. "జూడు."

అతని బల్ల దగ్గర నిలబడి చూస్తే నీలమే. పీలికని తీసి నా చేతిలో పడుకోబెట్టి పైనుంచి చూస్తే పచ్చ. అతని వైపు తిప్పితే నీలం. నేను కట్టుకుని నా ఒళ్ళోకి వంగి చూసుకున్న రంగు ఒకటి. ఎదుటివాళ్ళకి కనబడే రంగు ఒకటి. ఆ రోజు చీరకి ఆ కొసన అతను, ఈ కొసన నేను నిలబడి, చెరో రంగు చూసి పక్కా అనుకున్నాం. పనివాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ఒకడు "ఆధా ఆధా కర్ దో భాయ్" అన్నాడు, సగం అదీ సగం ఇదీ వేసెయ్యమని. రంగులతను మొహం చిన్నబుచ్చుకుని, గీకేసి మళ్ళీ వేస్తానన్నాడు. "పాపం నీ తప్పేముంది," అన్నాను. ఏ రంగైతేనేం, కనబడుతోంది కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అయినా ఏడుపు వస్తోంది.

అప్పుడు చూశాను మా ఆయన్ని. జీపు చుట్టూ ఒకసారి నడిచి వచ్చారు. తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు. తరవాత నా చేతిలోంచి ఆ పీలిక తీసుకున్నారు. అది దేని పీలికో నేను చెప్పలేదు.

"మార్చొద్దు," అన్నారు అతనితో. నా వైపు తిరిగి, "గుమ్మంలోంచి చూశాను కదా ఆ రోజు. నీలంగానే ఉన్నావు," అన్నారు.

అన్ని నెలల్లో ఆ రోజు గురించి ఆయన అన్న మొదటి మాట అది. ఆ రోజు పేరంటాళ్ళ సందడిలో ఆయన గుమ్మంలో నిలబడ్డారని తెలుసు గానీ, ఏం చూస్తున్నారో నేను ఏనాడూ అడగలేదు.

బండి ఎక్కాక, తాళం తిప్పే ముందు, రోడ్డు వైపే చూస్తూ అన్నారు. "రేపు వస్తావా?"

"ఎక్కడికి?" అనలేదు. "వస్తాను," అన్నాను.

శుక్రవారం పొద్దున్న బండికి పసుపూ కుంకుమా పెట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాను. మిలటరీ బండికి దిష్టేమిటే అని ఆయన నవ్వారు. చిన్న నవ్వే. పడమటి దిక్కున దుఖాన్ ఊరికి పోయే దారిలో చాలా దూరం వెళ్ళి, రోడ్డు వదిలేశాం. ఆ తరవాత దారంటూ లేదు. నేల కదులుతోందో మేం కదులుతున్నామో తెలియని చోటు. ఎండ ఇంకా ముదరలేదు. దూరంగా నీళ్ళు కనబడేవి, దగ్గరికి పోతే ఇంకా దూరం జరిగేవి. నాకు కలలోకి వచ్చినట్టే ఉంది, కాకపోతే ఈసారి నేను బండి లోపల ఉన్నాను, పక్కన ఆయన ఉన్నారు. ఒక రాళ్ళ గట్టు దగ్గర బండి ఆపి, "ఇక్కడే," అన్నారు.

ఆయన గట్టు వెనక్కి వెళ్ళారు. నేను కాసేపు బండిలోనే కూర్చున్నాను. వెళ్ళనా వద్దా అని. ఇన్ని శుక్రవారాలు నేను భయపడిన చోటు ఇదేనా అని చూశాను. భయపెట్టేదేమీ లేదు. గాలి, రాళ్ళు, అంతే. దిగి గట్టు చుట్టూ నడిచి వెళ్ళాను.

రాళ్ళ వెనక గాలి తెచ్చిపోసిన మెత్తటి ఇసుక ఉంది. ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అరచేత్తో ఇసుక చదును చేసి, చూపుడు వేలితో ఏదో రాస్తున్నారు. నన్ను చూసి చెరపలేదు. కొంచెం జరిగి చోటిచ్చారు.

మన బారసాలల్లో పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి వేలితో పిల్ల పేరు రాస్తాడు. ఆ రోజుదాకా ఆ పేరు ఎవరికీ చెప్పరు. ఆయన ఆ ఇసుకలో రాసింది ఒక ఆడపిల్ల పేరు.

"సీమంతం రోజున అనుకున్నాను," అన్నారు. "గుమ్మంలో నిలబడి. అమ్మాయే అనిపించింది ఎందుకో."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"బారసాల కాకుండా పేరు పైకి అనకూడదంటారు కదా, మంచిది కాదని. ఇంకా చెడటానికి ఏముందిలే అనుకున్నాను. అయినా నోరు రాలేదు." ఇసుక వైపే చూస్తున్నారు. "ప్రతి శుక్రవారం వచ్చి రాసేవాణ్ణి. మళ్ళీ వారానికి ఉండేది కాదు. ఎవరైనా చూస్తే ఏం చెప్పను, ఇంత మనిషిని ఇసుకలో కూర్చుని అక్షరాలు దిద్దుతున్నానని?"

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన మీద ఇన్నాళ్ళ కోపమూ ఎటు పోయిందో పోయింది. ఆయన రారేమోనని నేను కిటికీ దగ్గర చచ్చి బతుకుతుంటే, ఆయన ఇక్కడ కూర్చుని మా పాపకి పేరు పెడుతున్నారు. అప్పుడు ఇద్దరం ఏడ్చాం. ఆయన ఏడవటం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు కూడా.

ఆ పేరు ఇక్కడ రాయను. మా ఇద్దరికే తెలుసు, ఇప్పుడు నాకొక్కదానికే. గాలి అక్షరాల అంచులు అప్పుడే తినేస్తోంది. బారసాలలో పేరు రాసి వదిలేయరు, పైకి చదవాలి.

"చదవండి," అన్నాను.

చదివారు.